కిక్రి కథలు రికార్డ్ చేయాలనుకుంటే ముందే రికార్డర్ కొనకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ తాతగారికి జైనూర్‌లో కిరాణా కొట్టు ఉండేది. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే రాత్రిళ్లు దగ్గరి గూడెం నుంచి ఒక పాట, దాని వెనక సన్నగా ఏడ్చినట్టు ఒక వాద్యం వినిపించేవి. అవి గోండులకు ప్రధానులనే కథకులు కిక్రి అనే ఆ వాద్యం వాయిస్తూ చెప్పే కథలని మీకు ఈమధ్యే తెలిసింది. జూలైలో పదిరోజులు సెలవు పెట్టి వెళ్లి వాటిని రికార్డ్ చేద్దామనుకుంటున్నారు. ఏ రికార్డర్ కొనాలి, ఒక్కో పాటకు ఎంత ఇవ్వాలి, యూట్యూబ్‌లో పెట్టొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. జూలైలో తప్పకుండా వెళ్లండి, కానీ ఆ ప్రయాణంలో కథలు రికార్డ్ చేసే ఆశ పెట్టుకోకండి. ఊళ్లోకి వెళ్లి కథ ఎవరు పాడతారని అడక్కండి, ఎప్పుడు పాడతారో అడగండి. ఆ రోజు తెలుసుకుని మళ్లీ వెళ్లండి. రికార్డింగ్‌కు మీ ఫోన్ చాలు. డబ్బులు పాటకింత అని లెక్కగట్టి ఇవ్వొద్దు. యూట్యూబ్ సంగతి కింద రాస్తాను, టూకీగా అయితే వద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, మీరు చేయబోతున్న పొరపాటు నేను నాలుగేళ్లపాటు చేశాను. 1984లో ఉట్నూరు ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాల టీచరుగా చేరాను. మాది కరీంనగర్ వైపు. గోండి ఒక్క ముక్క రాదు. బస్సు దిగాక ఏడు కిలోమీటర్లు నడక, మధ్యలో రెండు వాగులు. వానాకాలం వాగు పొంగితే ఇవతలి ఒడ్డున ఎవరింట్లోనో తలదాచుకుని, నీళ్లు మోకాళ్ల దాకా తగ్గేవరకు కూర్చోవాలి. ఒకసారి అలా రెండు రాత్రులు ఉండిపోయాను. ఆ ఇంటావిడ పొద్దునా సాయంత్రం జొన్న గట్క, పప్పు పెట్టింది. మూడో రోజు బయల్దేరుతుంటే డబ్బులివ్వబోయాను. ఆవిడ నవ్వి ఇంట్లోకి వెళ్లిపోయింది. మహారాష్ట్ర గాలి తగిలిన ప్రాంతం కదా, టీచర్‌ని అక్కడ గురూజీ అంటారు. ఆ గూడేలకు నేను పాతికేళ్ల పైచిలుకు గురూజీనే.

చలి గురించి మీకు గుర్తుండే ఉంటుంది. సిర్పూర్ (యు), గిన్నెధరి పేర్లు ప్రతి చలికాలం వార్తల్లో వస్తాయి, రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత అని. పుష్యమాసం రాత్రి అక్కడ మంట దగ్గర కూర్చుంటే ముఖం కాలుతుంది, వీపు గడ్డకడుతుంది. ఆ కథలు సరిగ్గా ఆ చలిలోనే పాడతారు.

ఇప్పుడు అసలు సంగతి. ప్రధానులు గోండులకు తరతరాల కథకులు. పటాడీలని కూడా అంటారు. తమాషా ఏమిటంటే ఆదిలాబాద్ ప్రధానులు ఇంట్లో మాట్లాడేది మరాఠీ, పాడేది గోండి. సంతలో మనతో తెలుగు. కిక్రి అంటే కమానుతో వాయించే మూడు తంతుల వాద్యం, మీరు చిన్నప్పుడు విన్న ఏడుపు అదే. పెద్ద కార్యమైతే పెప్రె అనే సన్నాయి, కాలికోం అనే కొమ్ము, డోలు కూడా చేరతాయి. తోటి అనే తెగవాళ్లు కూడా కిక్రి వాయిస్తారు. వాళ్ల సంఖ్య తక్కువ. ఆ ఇళ్ల ఆడవాళ్లు పచ్చబొట్లు పొడిచేవారు.

ప్రతి ప్రధాన్ ఇంటికీ కొన్ని గోండు ఇళ్లు పట్టం. అంటే ఆ ఇళ్లలో పెళ్లి, చావు, వంశ దేవుడు పెర్సపేన్ పూజ ఏది జరిగినా వచ్చి పాడటం ఆ ప్రధాన్ హక్కు, బాధ్యత కూడా. బదులుగా గింజలు, బట్టలు, ఒక్కోసారి దూడ. గోండులలో నాలుగు సగలున్నాయి: నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల సంతతులు. నాల్వెన్, సీవెన్, సార్వెన్, యేర్వెన్ అంటారు. ఒకే సగలో పెళ్లి కుదరదు. ఒక్కో సగకు ఒక్కో పుట్టుక కథ, ఒక్కో వంశానికి ఒక్కో పేన్ కథ. పేన్ అంటే దేవుడు. కేస్లాపూర్ నాగోబా కథ మెస్రం వాళ్లది. కాబట్టి "గోండుల కథ పాడండి" అని అడగటమంటే ఊళ్లోకి పోయి "ఒక ఇంటి పేరు చెప్పండి" అన్నట్టు ఉంటుంది. ఎవరిది చెప్పాలి?

నాకు ఈ సంగతి ఎలా తెలిసిందంటే, చేరిన రెండో ఏడు శ్రావణంలో, కొత్తగా కొన్న టేప్ రికార్డర్ సంచిలో పెట్టుకుని ఒక పెద్ద ప్రధాన్ ఇంటికి వెళ్లాను. బయట ముసురు. ఆ పెద్దాయన, నేను దాదా అనేవాణ్ని, మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. కిక్రి దూలానికి వేలాడుతోంది. చాలాసేపు మాట్లాడాక ఒక కథ పాడమన్నాను. నా మొహం చూసి కాదనలేక కిక్రి దించాడు. నాలుగు చరణాలు పాడి ఆపేశాడు. "ఎవ్వలు వింటున్నరు గురూజీ? సగ లేదు, పేన్ లేదు. నువ్వొక్కనివి ఉన్నవు, నీకు గోండి రాదు. గీ గోడకు పాడాల్నా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే ఆ పాట అక్కడ నిలవడం లేదు. ఆ నాలుగు చరణాల క్యాసెట్ ఇప్పటికీ నా దగ్గరుంది. పాట కంటే వాన చప్పుడే ఎక్కువ.

ఎప్పుడు వెళ్లాలి అన్నదానికి నా అనుభవం ఇది. పెర్సపేన్ పూజలు వంశాన్ని బట్టి పుష్యంలోనో వైశాఖంలోనో జరుగుతాయి. పెద్ద కథలు వినాలంటే ఆ రెండు నెలలే. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర. అందరూ జాతరకే వెళ్తారు. నేను చెప్పేదేమిటంటే జాతరకు ముందు రోజులు మెస్రం వాళ్లు చెప్పులు లేకుండా నడిచి జన్నారం వైపు గోదావరి హస్తినమడుగు నుంచి నీళ్లు తెచ్చేటప్పుడు, దారిలో ఆగిన చోట, తిరిగొచ్చి మర్రిచెట్ల కింద దిగిన చోట ఏం జరుగుతుందో చూడండి. జాతర మైకుల్లో కిక్రి వినబడదు. కొత్త కోడళ్లను వంశానికి పరిచయం చేసే భేటింగ్ కూడా అప్పుడే. దీపావళి ముందు రోజుల్లో దండారి, గుస్సాడి ఉంటాయి. నెమలి ఈకల టోపీల ఫొటోలు మీరు చూసే ఉంటారు. అది ఆటల పండగ, పొడుగు కథకు ఎవరికీ ఓపిక ఉండదు, కానీ మనుషులతో పరిచయాలు పెంచుకోవడానికి అంతకంటే మంచి సమయం లేదు. పోయినవాళ్ల పేరిట చేసే కర్మలో కూడా ప్రధాన్ పాడతాడు. పిలిస్తే వెళ్లి కూర్చోండి, రికార్డ్ చేస్తానని మాత్రం నోరెత్తకండి.

సందర్భం గురించి ఎందుకింత పట్టుదల, పాడేవాడు వాడే, పాట అదే కదా అనిపించవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను, 1991 పుష్యం దాకా.

ఆ రాత్రి ఒక పటేల్, అంటే ఊరి పెద్ద, ఇంటి ముందు మంట. అదే దాదా, వెనక వంతపాడే ఇద్దరు. ముందు కూర్చున్నవాళ్లు పదిహేనుమంది ఉంటారు. కథ మొదట్లో వందనాలు, ఆ తర్వాత వంశంలో పెద్దల పేర్లు వరుసగా వస్తాయి. కొంత పాట, కొంత వచనం. వంతవాళ్లు ఆఖరి మాట అందుకుంటారు. నాది తొంభై నిమిషాల క్యాసెట్. నలభై అయిదో నిమిషంలో మీట టక్కున లేచింది. నిశ్శబ్దంలో అది తుపాకీ పేలినట్టు వినబడింది. దాదా ఆగిపోయాడు. కమాను తంతి మీదే ఉంది. నేను గబగబా క్యాసెట్ తిప్పి, కానివ్వమన్నట్టు తలాడించాను. ఆయన కానివ్వలేదు. మంటలో ఒక కట్టె ఎగదోసి, మళ్లీ వందనాల దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. పేన్‌ని పిలిచి సగంలో ఆపితే, మళ్లీ మొదట్నుంచి పిలవాల్సిందేనట. సిగ్గుతో చచ్చిపోయాను. నా మూలంగా ఆ చలిలో అందరికీ ముప్పావుగంట దండగ.

ఇంటికొచ్చి రెండు వైపులా విని రాసుకుంటుంటే ఒక తేడా కనబడింది. మొదటిసారి పెద్దల పేర్లు తొమ్మిది. రెండోసారి పదమూడు. దాదా మర్చిపోయి గుర్తు తెచ్చుకున్నాడేమో అనుకున్నాను. అడిగితే నవ్వాడు. నేను క్యాసెట్‌తో కుస్తీ పడుతున్నప్పుడు పక్క గూడెం నుంచి ఇంకో పెద్దాయన వచ్చి మంట దగ్గర కూర్చున్నాడు. ఆయన అదే వంశంలో ఇంకో కొమ్మ. ఆయన ముందు ఆయన తాతల పేర్లు వదిలేసి పాడితే ఎట్లా?

మీరు ఆయన్ని హైదరాబాద్ స్టూడియోకి తీసుకొచ్చి, ఏసీ గదిలో పాడించారనుకోండి. ఎన్ని పేర్లు వస్తాయి? నాకైతే ఆ రోజు నుంచి, పాట పక్కన ఎవరెవరు విన్నారు అనేది కూడా రాసుకోవడం అలవాటైంది. నా నోటుపుస్తకాల్లో పనికొచ్చేది పాటల కంటే ఆ వినేవాళ్ల జాబితాలే అని నా కూతురు ఎగతాళి చేస్తుంది. సగం నిజమే.

ఇవి మొదట రాసుకున్నది మనం కాదని కూడా తెలుసుకోండి. నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ ఒక ప్రధాన్ నోటి నుంచి గోండుల ఆదిగురువు లింగో కథ రాయించుకున్నాడు. 1863లో ఆయన చనిపోయాక రిచర్డ్ టెంపుల్ 1866లో దాన్ని అచ్చు వేయించాడు. మన వైపు, 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వం పంపగా హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త వచ్చి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. ఆయన 1948 పుస్తకం నిండా ఈ కథలు, పూజలే. భార్య బెట్టీ సమాధి మార్లవాయిలో ఉంది, జైనూర్‌కు దగ్గరే, చూసి రండి. కలెక్టర్‌గా వచ్చిన సేతుమాధవరావు పగడి గోండి నేర్చుకుని వ్యాకరణం రాశాడు. తెలుగు జానపద గేయాల మీద బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో పరిశోధన చేసింది 1950ల్లో. వీళ్లలో హైమన్‌డార్ఫ్‌ను ముందు చదవండి. పద్ధతి కోసం చెప్తున్నాను, ఆయన కథను పూజ నుంచి విడదీయడు.

ఇక రాసుకోవడం. ఇక్కడ నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి. ఒకే కథ ముగ్గురు ప్రధానుల దగ్గర దొరికింది. ఒకరి దగ్గర మొదలు బాగుంది, ఇంకొకరి దగ్గర యుద్ధం బాగుంది, మూడో ఆయనకు ముగింపు ఉంది. మూడూ కలిపి, అతుకులు కనబడకుండా ఒక 'సంపూర్ణ పాఠం' తయారు చేశాను. ఒక పత్రిక వేస్తామంది. పంపే ముందు దాదాకు చదివి వినిపించాను. మొత్తం విన్నాడు. ఆఖరికి, "మంచిగున్నది. ఇది ఏ ఇంటిది?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. అది ఎవరింట్లోనూ పాడని కథ. పత్రికకు పంపలేదు. బొబ్బిలి కథకూ పల్నాటి కథకూ ఎన్ని పాఠాలున్నాయో మనకు తెలుసు, అయినా గుట్టల్లోకి వెళ్లేసరికి 'అసలు పాఠం' కోసం వెతుకుతాం. అలా వెతక్కండి. ముగ్గురు పాడితే మూడు కథలు రాయండి, ఎవరి ఇంటికి పాడింది ఏదో తలపైన రాయండి.

గోండి తెలుగు లిపిలో రాయొచ్చు, చాలావరకు సరిపోతుంది. కానీ మీరు ఒక్కరే రాయలేరు. ఆ ఊరి కుర్రాణ్ని, డిగ్రీ చదివేవాణ్ని, కలుపుకోండి. మొదటి పేరు అతనిది వేయండి. వీలైతే గోండి రాసే గుంజాల లిపి కూడా నేర్చుకోండి. నార్నూర్ మండలం గుంజాలలో ప్రధానుల ఇళ్లలో ఆ లిపిలో రాసిన పాత ప్రతులు ఉన్నాయని 2006 ప్రాంతంలో బయటి లోకానికి తెలిసింది. జయధీర్ తిరుమలరావు గారి వంటి వాళ్లు వెంటబడి పనిచేశారు, 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే మనం 'నోటి పాట' అనుకున్నవాళ్ల అటక మీద రాతప్రతులు ఉన్నాయి. ఇరవై ఏళ్లు ఆ ఇళ్లలో టీ తాగినవాణ్ని, నాకు ఎవరూ చూపలేదు. నేను అడగలేదు కూడా.

డబ్బులు. ఒకాయన పట్నం నుంచి వచ్చి పాటకు వంద రూపాయలన్నాడు. ఒకే కథ పదకొండు పాటలై బయటికి వచ్చింది. తప్పు పాడినవాళ్లదని నేననను. పాటకు వంద అన్నవాడికి పాటలే దొరుకుతాయి. పాడినాయన, వంతవాళ్లు, వాయించినవాళ్లు అందరికీ ఆ రోజు కూలి పోయినంత, బస్సు చార్జీలు, ఒక మంచి దుప్పటి ఇవ్వండి. ఎంతివ్వాలో పటేల్‌ను అడిగి అందరి ముందూ ఇవ్వండి. పాటకు ముందు బేరం పెట్టొద్దు.

పరికరాలు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, రికార్డింగ్ వావ్ ఫార్మాట్‌లో ఉండేలా చూసుకోండి, ఎంపీ3 వద్దు. నేల మీద పెడితే డోలు దెబ్బకు అదురు వస్తుంది, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టండి. కిక్రి వైపు కాకుండా నోటి వైపు తిప్పండి, లేకపోతే మాటలు మింగేస్తుంది. పుష్యం చలికి బ్యాటరీ గబగబా దిగిపోతుంది, పవర్‌బ్యాంక్ శాలువాలో చుట్టి ఉంచండి. మొదట్లోనే మీ గొంతుతో ఊరు, తేదీ, సందర్భం చెప్పండి. తెల్లారి ఇంటికెళ్లగానే రెండు చోట్ల కాపీ చేసి, మూడో కాపీ పాడినాయన మనవడి ఫోన్‌లోకి ఎక్కించండి. నా 140 క్యాసెట్లలో ముప్పైకి పైగా వానాకాలం బూజు పట్టి పోయాయి. ఆ పాడినవాళ్ల ఇళ్లలో ఒక్క కాపీ ఉన్నా ఈరోజు వాళ్ల మనవలకు ఉండేవి. దాచింది నేను, పోగొట్టింది నేనే.

యూట్యూబ్. కొన్నేళ్ల కింద ఒక కుర్రాడు పెర్సపేన్‌ను పిలిచే భాగం ఒక్కటే కత్తిరించి, కింద బీటు కలిపి అప్‌లోడ్ చేశాడు. సంత రోజు చాయ్ హోటల్లో ఎవరి ఫోన్‌లోనో అది మోగింది. పక్క బల్ల మీద ఆ వంశం పెద్దలున్నారు. పాడినాయన రాయి సెంటర్ అనే గోండుల పంచాయతీ పెద్దల ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఆయనకు అప్‌లోడ్ అంటే ఏమిటో కూడా తెలియదు. ఆ తర్వాత రెండేళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ ఫోన్ ముందు నోరు తెరవలేదు, నా ముందు కూడా. కాబట్టి పేన్‌ను పిలిచే భాగాలు నెట్‌లో పెట్టకండి. మిగతావి, పాడినాయనతో పాటు ఆ వంశం పెద్దలు కూడా సరేనంటేనే. ఒకరు సరేనని ఇంకొకరు వద్దంటే, వద్దన్నట్టే లెక్క. కుమ్రం భీం మీద పాటల్లాంటివి వేరు, అవి ఎప్పుడైనా పాడతారు, పదిమందీ వినాలనే పాడతారు.

కామెంట్లలో ఒకరు "ఇలా ఆగుతూ కూర్చుంటే ముసలివాళ్లు పోతారు కదా" అని రాశారు. పోతున్నారు, నిజమే. దాదా 2003లో పోయాడు. ఆయనకు తెలిసినవాటిలో నా దగ్గరున్నది నాలుగో వంతు కూడా ఉండదు. కానీ తొందరపడిన ఆ మొదటి నాలుగేళ్లలో నాకు దొరికినవి చూస్తే అన్నీ ముక్కలే. నిదానించాక దొరికినవే కథలు. మీకు తొందర ఉంటే ఈ ఏడాదే పుష్యానికి వెళ్లండి, జూలైలో ఏడ్పించకండి.

మరి జూలైలో ఏం చేయాలి? విత్తనాలు పడి, కలుపు మొదలయ్యే రోజులు. ఎవరికీ తీరిక ఉండదు, చేలల్లో ఆడవాళ్లు పాడుకుంటారు. అవి పనితో పాటు వచ్చే పాటలు, వాటికి ఆ కాలమే సందర్భం. మీ ఇంటి ఆడవాళ్లెవరైనా వెంట ఉంటే వాళ్లు వినొచ్చు, అడిగి రికార్డ్ చేసుకోవచ్చు. మీరు మాత్రం ఒక్క పని చేయండి. మీ తాతగారి కొట్టులో ఖాతా ఉన్న ఊళ్లేవో ఇంట్లో కనుక్కుని, ఆ ఊళ్లకు వెళ్లి ఫలానా షావుకారి మనవణ్నని చెప్పండి. ఆ పేరు అక్కడ మంచి పేరో చెడ్డ పేరో మొదటి అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది, రెండింటికీ సిద్ధపడి వెళ్లండి. కూర్చోనిస్తే, ఆ ఊరికి వచ్చే ప్రధాన్ ఎవరు, ఈసారి పేన్ పూజ ఏ నెలలో అని అడగండి. కేలండర్‌లో రాసుకోండి. గొడుగు, టార్చి మర్చిపోకండి. వాగు పొంగితే దాటకండి.

ఇంకో మాట. మీ తాతగారి కొట్టు జైనూర్‌లో ఎక్కడుండేదో రాయగలరా? బస్సులు ఆగే చోట, వేపచెట్టు పక్కన ఉన్నదైతే, నా టేప్ రికార్డర్‌కు బ్యాటరీలన్నీ నేను అప్పు పెట్టి తెచ్చుకున్నది అక్కడే.